భూమి ఎందుకు పడిపోదు మేడం?

తొంభై ఐదులో దీపావళి మర్నాడు పొద్దున్నే సూర్యగ్రహణం పట్టింది. అప్పటికి నేను కంకిపాడు అవతల ఒక ఊళ్ళో, ఎయిడెడ్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు టీచరుగా చేరి ఏడాదిన్నర అయింది. రోజూ బెంజ్ సర్కిల్ దగ్గర బస్సెక్కి వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. గ్రహణానికి వారం ముందు నుంచీ పిల్లలకు ఒకటే మాట చెప్పాను. సూర్యుణ్ణి ఉత్త కళ్ళతో చూడకూడదు, కళ్ళు పోతాయి. ఎక్స్‌రే ఫిల్ములు అడ్డం పెట్టుకుని కూడా చూడొద్దు. స్కూలుకి రండి, అట్టముక్కకి సన్నటి చిల్లు పెట్టి నేల మీద చూపిస్తాను. తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ మాట కనీసం నాలుగుసార్లు చెప్పి ఉంటాను. ఇంకో మూడు నెలల్లో అదే తరగతిలో ఒక పిల్ల కన్ను నా చేతుల మీదుగానే పోతుందని తెలియదు కనక అంత ధీమాగా చెప్పాను.

గ్రహణం పూట పిల్లల్ని గడప దాటనిచ్చే ఇళ్ళు తక్కువ. ఆరోజు ఏడుగురే వచ్చారు. వాళ్ళలో ఒక్కతే ఆడపిల్ల. బక్కపల్చగా ఉండి, రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకునేది. వాళ్ళ నాన్న సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన దూదేకులాయన. దూదిని విల్లుతో ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టడం ఆయన పని. ఎంత శుభ్రంగా తయారై వచ్చినా ఆయన కనుబొమ్మల మీద ఒకటో రెండో దూదిపోగులు ఉండేవి.

స్కూలు ఆవరణలో కానుగ చెట్టు ఉంది. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుతురు చుక్కలన్నీ ఆ పొద్దున నెలవంకలైపోయాయి. వందల నెలవంకలు. మగపిల్లలు వాటిని తొక్కుతూ గంతులేశారు. ఈ పిల్ల మాత్రం వంగి, ఒక నెలవంక కింద అరచెయ్యి పెట్టి చూసుకుంది.

"చంద్రుడు అడ్డం వచ్చాడు, సరే మేడం. అసలు చంద్రుడు కింద పడడేం?" అంది.

"భూమి లాగి పట్టుకుంటుంది కదా, అందుకని."

"లాగితే పడాలి కదా మేడం?"

మగపిల్లలు నవ్వారు. వాళ్ళ నాన్న మొహమాటపడుతూ, "ఇంట్లో కూడా ఇంతేనమ్మా. తల తినేస్తది" అన్నాడు. ఆ మాటలో విసుగు లేదు. సంబరమే ఉంది.

"గురుత్వాకర్షణ పాఠం జనవరిలో వస్తుంది. అప్పుడు అంతా వివరంగా చెప్తాను" అన్నాను.

"భూమి సూర్యుడి మీద ఎందుకు పడిపోదు మేడం? అది కూడా అప్పుడే చెప్తారా?"

"అదీ అప్పుడే."

జనవరి దాకా ఆగే పిల్ల కాదు. నోటుబుక్కు చివరి పేజీల్లో ప్రశ్నలు రాసి పెట్టుకునేది. సాయంత్రం నేను బస్సు కోసం నిలబడితే వచ్చి ఒక్కొక్కటే అడిగేది. గురుడు అంత పెద్దవాడు కదా, భూమిని తన వైపు లాక్కోడేం? ఒక గ్రహాన్ని తీసేస్తే మిగతావి ఏమైపోతాయి? సూర్యుణ్ణే తీసేస్తే? కొన్నిటికి నాకే జవాబు తెలిసేది కాదు. గవర్నర్‌పేటలో దిగి లైబ్రరీకి వెళ్ళి, పుస్తకాలు తిరగేసి, మర్నాడు చెప్పేదాన్ని. గురుడు లాగుతూనే ఉంటాడు, కాని అంత దూరం నుంచి ఆ లాగుడు చాలా తక్కువ. గ్రహాలన్నిటినీ ఒక పక్కన వేసినా సూర్యుడి బరువుకి దరిదాపుల్లోకి రావు, అందుకే పెత్తనమంతా ఆయనది. అయినా గ్రహాలు ఒకదాన్నొకటి కొద్దికొద్దిగా కదుపుకుంటూనే ఉంటాయి. ఇలా చెప్తుంటే ఆ పిల్ల నోరు కొంచెం తెరుచుకుని వినేది. నన్ను అన్ని ప్రశ్నలు అడిగినవాళ్ళు అంతకు ముందు లేరు. బస్సు ఆలస్యమైతే బాగుండనిపించేది.

పాఠం జనవరి ఆఖర్లో వచ్చింది. ఊరికే బోర్డు మీద బొమ్మ గీసి చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ పిల్ల మూడు నెలలుగా ఎదురుచూసిన పాఠం కదా. ప్రయోగం చేసి చూపించాలనుకున్నాను. స్కూల్లో సైన్సు పెట్టె ఉంది గాని అందులో ఉండవలసిన రబ్బరు బిరడా లేదు. దాని బదులు ఒక ఇనప నట్టు దొరికింది. నైలాన్ దారం లేదు. చాక్‌పీసుల పార్సిలుకి చుట్టి వచ్చిన పురికొస ఉంది. రీఫిల్ తీసేసిన బాల్‌పెన్ను గొట్టంలోంచి ఆ పురికొసని దూర్చి, పై కొసకి నట్టు కట్టాను. రెండో కొస ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో పెన్ను గొట్టం ఎత్తి పట్టుకుని తిప్పాలి.

పిల్లల్ని వరండా మెట్ల మీద కూర్చోబెట్టి నేను ఆవరణలో నిలబడ్డాను. నట్టు నా తల మీద గుండ్రంగా తిరగడం మొదలైంది.

"ఈ నట్టు భూమి అనుకోండి. ఈ గొట్టం సూర్యుడున్న చోటు. కింద నా చెయ్యి దారాన్ని లాగి పట్టుకుంది చూశారా, అదే సూర్యుడి ఆకర్షణ. లాగుతున్నా నట్టు నా మీద పడటం లేదు. ఎందుకని?"

"తిరుగుతోంది కాబట్టి!" అన్నారు అందరూ.

"తిరక్కుండా ఆగిపోతే?"

"పడిపోద్ది!"

దారాన్ని ఇంకొంచెం కిందికి లాగాను. నట్టు దగ్గరికొచ్చి మరీ వేగంగా తిరిగింది. "బుధుడు" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వదులు చేశాను. దూరం జరిగి నెమ్మదించింది. "ఇది శని." మళ్ళీ చప్పట్లు. ఇంకోసారి, ఇంకోసారి అంటే అలా చాలాసార్లు లాగి వదిలాను. ఆ సంతోషంలో పెన్ను గొట్టం అంచు సంగతి నాకు తట్టలేదు.

అప్పుడు ఆ పిల్ల లేచి నిలబడింది. "సూర్యుడు ఒక్కసారిగా లాగడం మానేస్తే, భూమి ఎటు పోద్ది మేడం?"

పిల్లలు రెండు జట్లైపోయి వాదించుకున్నారు. బయటికి ఎగిరిపోతుందని కొందరు, ఆ క్షణంలో ఎటు పోతుంటే అటే తిన్నగా పోతుందని కొందరు.

"నువ్విటు వచ్చి చూడు. నేను వదిలిపెడతాను, ఎటు పోతుందో నువ్వే చెప్పు" అన్నాను.

నేనే రమ్మన్నాను. ఈ ముక్క ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తలుచుకున్నానో చెప్పలేను. తను మెట్లు దిగి వచ్చి నాకు ఎడమ పక్కన, ఐదారు అడుగుల దూరంలో నిలబడింది. ఖాళీగా ఉన్న మైదానం వైపు వదలాలని నా ఉద్దేశం. ఇంకో రెండు చుట్లు తిప్పి వదులుదామనుకున్నాను. ఈలోపలే నా ఎడమ చేతిలో దారం తేలికైపోయింది.

ఆ పిల్ల అరవలేదు. ఎడమ కన్ను మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయింది. నేను పరిగెత్తి చెయ్యి తీయబోతే తీయనివ్వలేదు. వేళ్ళ సందుల్లోంచి సన్నగా నెత్తురు కారింది. "మేడం, ఈ పక్క చీకటిగా ఉంది" అంది, చాలా మెల్లగా.

ఆటోలో కంకిపాడు తీసుకెళ్ళాము. అక్కడి డాక్టరు కట్టు కట్టి, ఆలస్యం చెయ్యకుండా బెజవాడ తీసుకెళ్ళమన్నాడు. దారి పొడుగునా ఆ పిల్ల తల నా ఒళ్ళో ఉంది. ఆటో కుదుపుకి తల కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాను. "తిన్నగా పోయింది కదా మేడం?" అని ఒకసారి అడిగింది. నేను ఏడుస్తూ "మాట్లాడకమ్మా" అన్నాను. పాఠం గురించి తను నన్ను అడిగిన ఆఖరి ప్రశ్న అది. దానికీ నేను జవాబు చెప్పలేదు.

ఆస్పత్రికి వాళ్ళ అమ్మా నాన్నా చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. వాళ్ళ నాన్న పని మీంచి లేచి వచ్చినట్టున్నాడు, తల నిండా దూది. ఆపరేషన్ మర్నాడు పొద్దున జరిగింది. బయటికొచ్చిన డాక్టరమ్మ, "కనుగుడ్డుని కుట్లు వేసి నిలబెట్టాం. చూపు మాత్రం రాదు" అంది. తండ్రి నా వైపు తిరిగి, "మేడం గారూ, మీరు నిన్నటి నుంచీ ఏమీ తినలేదంట. వెళ్ళి ఏమన్నా తినండమ్మా" అన్నాడు. ఆ మాటకి నాకు భూమిలోకి పోవాలనిపించింది.

మూడోరోజు హెడ్మాస్టరుగారు నన్ను గదిలోకి పిలిచారు. బల్ల మీద ఒక కాగితం ఉంది. మధ్యాహ్నం భోజనాల విరామంలో పిల్లలు ఆడుకుంటుండగా, ఎవరో విసిరిన వస్తువు ప్రమాదవశాత్తూ తగిలిందనీ, ఆ సమయంలో తరగతి జరగడం లేదనీ అందులో ఉంది.

"ఇలా కాదు కదండీ జరిగింది" అన్నాను.

"నాకు తెలీదా అమ్మా? మీరింకా ప్రొబేషన్‌లో ఉన్నారు. ఉన్నదున్నట్టు పైకి పంపితే మీ ఉద్యోగం పోద్ది. స్కూలు పేరు పేపర్లో పడద్ది. పోయిన కన్ను ఎలాగూ రాదు. మీరు కూడా పోయి ఎవరికి లాభం?"

నాన్న పోయాక ఇంట్లో జీతం నా ఒక్కదానిదే. కాని అదొక్కటే కారణమని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. నలుగురూ నన్ను పిల్ల కన్ను పొడిచిన టీచరంటారని భయపడ్డాను. సంతకం పెట్టాను.

ఆ సాయంత్రమే తండ్రి సంతకం కోసం కబురు పెట్టారు. ఆయన వచ్చి, చెప్పులు బయట విడిచి, నిలబడే ఉన్నాడు. "ఏం రాశారండీ?" అని అడిగాడు.

"దెబ్బ తగిలిందని రాశామయ్యా. స్కూలు తరఫున రాసి పెట్టాలి కదా" అన్నారు హెడ్మాస్టరుగారు.

ఆయన నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను. ఆయన వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాశాడు.

బయటికొచ్చాక నన్ను ఒక్కటే అడిగాడు. "ఆ తాడు ఉందా అమ్మా? ఓసారి చూస్తాను."

సైన్సు గదిలోంచి తెచ్చి ఇచ్చాను. ఆయన తెగిన కొసని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. తర్వాత పెన్ను గొట్టం తీసుకుని దాని అంచు మీద బొటనవేలు ఆనించాడు.

"తెగింది కాదమ్మా. కోసుకుపోయింది. ఈ అంచు చూడండి, కత్తిలాగుంది. పురికొస దీనికి ఎక్కడ ఆగుద్ది?" అన్నాడు. "నన్ను అడిగుంటే విల్లుకి కట్టే నరం ఇచ్చేవాణ్ణి కదమ్మా. ఎంత లాగినా తెగదు" అన్నాడు.

నా మీద ఆయన చేసిన ఫిర్యాదు అదొక్కటే.

ఆ పిల్ల నెలన్నరకి స్కూలుకి వచ్చింది. పోయిన కన్ను ఎడమది కాబట్టి గదిలో ఎడమ చివర గోడవారగా కూర్చుంది. అలా అయితే అందరూ కుడి పక్కన కనిపిస్తారు. ఒంటికంటితో దూరం దగ్గరలు తెలియవని నాకు అప్పటిదాకా తెలియదు. కుండలోంచి నీళ్ళు ముంచి గ్లాసులో పోసుకోబోతే నీళ్ళు గ్లాసు పక్కన పడేవి. మెట్టు దిగేటప్పుడు పాదంతో తడుముకునేది. నేను స్టాఫ్‌రూము కిటికీలోంచి చూసేదాన్ని. వెళ్ళి నీళ్ళు పొయ్యాలనిపించేది, వెళ్ళేదాన్ని కాదు.

ఆగిపోయిన పాఠం పూర్తి చెయ్యాలి. పరీక్షలు దగ్గరికొచ్చాయి. నోట్సు చెప్పి రాయించాను. సూర్యుడి ఆకర్షణ గ్రహాన్ని తన వైపు లాగుతుంది. గ్రహానికి ఉన్న వేగం దాన్ని తిన్నగా ముందుకు తీసుకుపోతుంది. ఈ రెండూ ఎప్పుడూ ఉండటం వల్ల గ్రహం సూర్యుడి మీద పడదు, పారిపోదు, చుట్టూ తిరుగుతుంది. పిల్లలు తలలు వంచుకుని రాశారు. తనూ రాసింది. "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగాను. లేవన్నారు. రోజూ బస్సు కోసం నిలబడ్డప్పుడు రోడ్డు వైపు చూసేదాన్ని. తను స్నేహితురాళ్ళతో కలిసి అవతలి పక్కనుంచి వెళ్ళిపోయేది.

అమ్మకి ప్రమాదం సంగతి చెప్పాను. కాగితం సంగతి చెప్పలేదు. ఆ తర్వాత చర్చిలో ప్రభు సంస్కారం, అంటే రొట్టే ద్రాక్షరసమూ, ఇచ్చే ఆదివారాల్లో నేను ముందుకి వెళ్ళలేకపోయాను. వరసలో అందరూ లేచి వెళ్తుంటే బెంచీ మీదే కూర్చునేదాన్ని. మూడో నెల అమ్మ అడిగింది. "జరిగింది నువ్వు కావాలని చేసింది కాదు కదే. దేవుడికి తెలీదా?" అంది. దేవుడికి తెలిసిన సంగతే నన్ను లేవనివ్వడం లేదని అమ్మకి ఎలా చెప్పను?

వేసవి సెలవుల్లో ఒక నిర్ణయానికి వచ్చి వాళ్ళింటికి వెళ్ళాను. కాగితంలో ఏం రాశామో ఆయనకి చెప్పి, దాన్ని మార్చి రాయించి పంపుదామని. రేకుల షెడ్డులో ఆయన దూది ఏకుతున్నాడు. విల్లు నరాన్ని కర్రతో కొడుతుంటే, ఆ మోతకి దూది విడిపోయి పొగలా లేస్తోంది. నన్ను చూడగానే ఆపి, లోపలికి కేకేసి టీ పెట్టించాడు. స్టూలు తెచ్చి నన్ను కూర్చోబెట్టి, ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"చెప్పండమ్మా" అన్నాడు.

"పిల్ల ఎలా ఉందండీ?"

"బాగానే ఉంది. వాళ్ళ అమ్మమ్మ ఊరెళ్ళింది." ఆగి, దగ్గి, "మా పిల్ల అడిగిందంట కదమ్మా, భూమి ఎందుకు పడిపోదని. దానికి జవాబేంటండీ? నేను అడిగితే చెప్పడం లేదు" అన్నాడు.

ఆ షెడ్డులో, ఆయన ఎదురుగా, నేను ఆ పాఠం మళ్ళీ చెప్పాను. ప్రయోగం లేకుండా, ఉత్త మాటలతో. భూమి ఎప్పుడూ సూర్యుడి వైపు పడుతూనే ఉందనీ, పడుతూ పక్కకి కూడా పోతోంది కాబట్టి ఎప్పటికీ ఆయన్ని చేరదనీ. అది నిలకడగా ఉన్నట్టు మనకి కనిపించినా ఒక్క క్షణం కూడా నిలబడి లేదనీ.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "సూర్యుడు దీన్ని లాగుతాడు, బానే ఉంది. మరి ఇది ఆయన్ని లాగదా?"

"లాగుతుందండీ. అంతే బలంతో లాగుతుంది. కాకపోతే ఆయన చాలా బరువు. కదిలీ కదలనట్టు కదులుతాడు."

"ఓహో" అన్నాడు. "పిల్ల ఇప్పుడేమీ అడగట్లేదమ్మా. ఇంట్లో కూడా. ఇదివరకు అన్నం తినేటప్పుడు కూడా వదిలేది కాదు. ఇల్లు బోసిపోయినట్టుంది" అన్నాడు.

నేను చెప్పాలని వచ్చిన మాట చెప్పలేదు. టీ తాగి, లేచి వచ్చేశాను.

ఆ తర్వాత ఏడాదిన్నరలో ఇంకో ఐదారుసార్లు వెళ్ళి ఉంటాను. ఊరికే వెళ్ళేదాన్ని కాదు. ఒకసారి పదో తరగతి గైడు పట్టుకెళ్ళాను. ఒకసారి పళ్ళు. ప్రతిసారీ టీ వచ్చేది. ప్రతిసారీ ఆయన పని ఆపి ఎదురుగా కూర్చుని, "చెప్పండమ్మా" అనేవాడు. నేను పరీక్షల సంగతీ వర్షాల సంగతీ మాట్లాడి వచ్చేదాన్ని. ఆ పిల్ల లోపలి గదిలో ఉండేది. పిలిస్తే వచ్చి, "నమస్తే మేడం" అని వెళ్ళిపోయేది. దెబ్బ తగిలిన కన్ను అప్పటికే చిన్నదై లోపలికి పోసాగింది.

పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. సైన్సు గ్రూపు తీసుకోమని బతిమాలాను. నేనే దగ్గరుండి బెజవాడ కాలేజీలో చేర్పిస్తానన్నాను. "వద్దు మేడం" అంది. ఎందుకని అడిగే హక్కు నాకు లేదనిపించింది. ఊళ్ళోనే కుట్టుమిషను నేర్చుకుంటోందని తర్వాత విన్నాను. తొంభై తొమ్మిదిలో నాకు వేరే స్కూల్లో ఉద్యోగం వచ్చి ఆ బస్సు ఎక్కడం మానేశాను. మానేసినందుకు లోపల ఎక్కడో కొంచెం హాయిగా కూడా ఉంది. ఆ మాటా ఒప్పుకోవాలి.

రెండువేల ఐదులో అమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం మీదే ఉండాలి కాబట్టి గట్టి పరుపు కొనమన్నారు. గవర్నర్‌పేటలో ఒక సందులో పరుపుల కొట్టు ఉందంటే వెళ్ళాను. స్పాంజి పరుపులు గోడకి నిలబెట్టి ఉన్నాయి. లోపల ఒకావిడ మిషను మీద గలేబులు కుడుతోంది. రంగు కళ్ళద్దాలు పెట్టుకుంది. నేను కొట్టాయనతో పరుపు కొలతలు చెప్తుంటే మిషను ఆగింది.

"మేడం?" అంది. నా గొంతు పట్టి గుర్తుపట్టింది.

కొట్టు వాళ్ళాయనదేనట. పెళ్ళై నాలుగేళ్ళైంది. కుర్చీ వేసి కూర్చోబెట్టింది. అమ్మ సంగతి అడిగింది. "కన్ను పెట్టించారు మేడం, ప్లాస్టిక్‌ది. కొత్తవాళ్ళు కనిపెట్టలేరు" అంది మామూలుగా. మాట్లాడుతూనే సూదిలో దారం ఎక్కించింది. చూడకుండా, వేలికొసతో బెజ్జాన్ని తడిమి ఎక్కించింది.

"నాన్నగారు ఎలా ఉన్నారమ్మా?"

"పోయాడు మేడం. రెండేళ్ళైంది. ఊపిరితిత్తుల నిండా దూది దుమ్మేనన్నారు."

ఇంకెప్పుడూ ఆయనకి చెప్పలేనని తెలిశాక, చెప్పాల్సిన మాట దానంతటదే బయటికొచ్చింది. తరగతిలో జరిగిందాన్ని విరామంలో జరిగినట్టు రాశారనీ, నేను సంతకం పెట్టాననీ, ఆయనకి చదివి వినిపించకుండానే ఆయన చేత కూడా పెట్టించామనీ చెప్పాను. ఆ పిల్ల... ఇంకా పిల్లనే అంటున్నాను... మిషను మీద చెయ్యి పెట్టుకుని వింది.

"నాన్నకి తెలుసు మేడం" అంది.

"ఏం తెలుసు?"

"అంతా. ఆస్పత్రిలోనే చెప్పాను కదా, మేడం రమ్మంటే వెళ్ళానని. ఆ కాగితం కూడా ఆయన చదువుకునే సంతకం పెట్టాడు. నాన్నకి చదవడం వచ్చు మేడం. రాయడమే మెల్లగా రాసేవాడు."

"మరి ఎందుకు పెట్టారు?"

"అప్పుడు నేనూ అదే అడిగాను. 'కాగితందేముందే, మేడం తనే వచ్చి చెప్తుందిలే, మంచి మనిషి' అన్నాడు." "మీరొచ్చినప్పుడల్లా పని ఆపి కూర్చునేవాడు, గుర్తుందా? అందుకే. మీరు వెళ్ళాక లోపలికొచ్చి, 'ఇవాళ కూడా చెప్పలేదే' అనేవాడు. నాకు కోపం వచ్చేది. ఆయన మీద కాదు."

నేను క్షమించమని అడిగాను.

"కన్ను గురించైతే ఎప్పుడో వదిలేశాను మేడం. దారం తెగింది, మీరేం చేస్తారు. ఆ కాగితం సంగతి మాత్రం... అది నాన్న వదిలెయ్యాల్సింది. నేనెట్లా అంటాను?" అంది. తర్వాత వాళ్ళాయన వైపు తిరిగి, "అత్తయ్యగారికి వేసిన లాంటి గట్టి పరుపు ఇవ్వండి మేడంకి. రేపు ఆటోలో పంపించండి" అని, నా ముందు ఒక కాగితం పెట్టింది. అడ్రసు రాశాను. రెండుసార్లు కొట్టేసి రాశాను.

ఆ వారంలోనే పాత స్కూలుకి ఉత్తరం రాశాను. ఆ రోజు ఏం జరిగిందో, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, అన్నీ వివరంగా నాలుగు పేజీలు. పాత హెడ్మాస్టరుగారు రిటైరై చాలా కాలమైంది. కొత్తాయన ఫోన్ చేశారు. "ఇన్నేళ్ళ తర్వాత ఎందుకండీ మేడం? ఆ ఫైలు కూడా ఇప్పుడు దొరకదు" అన్నారు. దొరక్కపోతే కొత్త ఫైలు పెట్టమన్నాను. పెడతానన్నారు. పెట్టారో లేదో తెలియదు.

కొట్టు నుంచి వచ్చిన రాత్రే అమ్మకి అంతా చెప్పాను. అమ్మ, "పాపం, ఆయన ఎన్నిసార్లు టీ పెట్టించాడే?" అంది. ఆరేడుసార్లన్నాను.

ఆ సందులోకి తర్వాత రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి కొట్టు కట్టేసి ఉంది, శుక్రవారం. రెండోసారి తను మిషను మీద వంగి కుడుతోంది. ఎవరో కొనడానికి వచ్చినవాళ్ళతో వాళ్ళాయన మాట్లాడుతున్నాడు. తను తలెత్తలేదు. నేను కాసేపు అవతలి పక్కన నిలబడి, పిలవకుండానే వచ్చేశాను.